లా పియెత్రా విల్లాలో హోర్టెన్స్ మిచెల్ నిజంగా తిరిగి తెచ్చిందేమిటి?

ప్రశ్న: "షికాగో బ్యాంకరు కూతురు హోర్టెన్స్ మిచెల్ ఫ్లోరెన్సులో లా పియెత్రా అనే పాత విల్లాను కొని, దానికి రెనైసాన్స్ (15, 16 శతాబ్దాలు) నాటి వైభవం తిరిగి తెచ్చిందని ఒక వీడియోలో విన్నాను. అంత ఆస్తి ఉన్నవాళ్ళకి పాత భవంతి బాగు చేయించడం పెద్ద పనేం కాదు కదా? ఇప్పుడెవరైనా డబ్బున్నవాళ్ళు ఇటలీలో అలాంటిది కొంటే అంత స్వేచ్ఛ ఉంటుందా?"

జవాబు:

వీడియోలో చెప్పింది సగమే నిజం. ఇల్లు పాతదే, డబ్బు ఆమెదే. కానీ ఈరోజు అందరూ ఫొటోలు తీసుకునే ఆ "రెనైసాన్స్ తోట" వయసు నూట ఇరవై ఏళ్ళు కూడా ఉండదు. అలాంటి తోట అక్కడ ఒకప్పుడు ఉండి ఉంటుందని ఊహించుకుని, ఆ ఊహను నేల మీద నాటించారు. నేను పాత కట్టడాల పరిరక్షణ పనిలో ఉన్నాను. సున్నం, రాయి, కలప, తేమ, ఇవే నా రోజువారీ గొడవ. అందుకే ఈ కథని ఆ వైపు నుంచే చెబుతాను.

ముందు ఇంటి సంగతి. ఫ్లోరెన్సు ఉత్తరాన శాన్ గాల్లో ద్వారం దాటి బొలోన్యా వైపు వెళ్ళే పాత రోడ్డు మీద ఉంటుంది లా పియెత్రా. 1460లో దీన్ని ఫ్రాన్సెస్కో సస్సెత్తి కొన్నాడు. మెదిచి బ్యాంకు వ్యవహారాలన్నీ చూసిన పెద్ద మేనేజరు ఆయన. సాంతా త్రినితా చర్చిలో తన కుటుంబం పేరున్న సస్సెత్తి చాపెల్‌కి చిత్రకారుడు గిర్లాందాయో చేత బొమ్మలు వేయించింది ఆయనే. తర్వాత 1540ల్లో ఇల్లు కప్పోని కుటుంబం చేతికి వచ్చింది. 17వ శతాబ్దంలో కార్డినల్ లుయిజీ కప్పోని దాన్ని ఆ కాలపు ఆడంబరమైన బరోక్ పద్ధతిలో మార్పించాడు. అంటే మనం బయట నుంచి చూసే ముఖభాగమే సస్సెత్తి నాటిది కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లిష్ పద్ధతి పార్కుల మోజు వచ్చి, పాత తోట కూడా పోయింది. మెట్లు మెట్లుగా ఉన్న నేలను తుడిచేసి పచ్చిక, వంకర దారులు, అక్కడక్కడ చెట్లు పెట్టారు. గోడలు కట్టిన కూరగాయల, నిమ్మచెట్ల తోట ఒక్కటే బతికి బయటపడింది. దాని గోడల మీద గులకరాళ్ళతో, రాతి ముక్కలతో చేసిన అలంకారాలు ఇప్పటికీ ఉన్నాయి. నన్నడిగితే మొత్తం ఎస్టేటులో ముందు చూడాల్సింది అదే. కానీ యాత్రికులు అక్కడ రెండు నిమిషాలు కూడా ఆగరు.

హోర్టెన్స్ తండ్రి విలియం మిచెల్ షికాగోలో ఇల్లినాయ్ ట్రస్ట్ అండ్ సేవింగ్స్ బ్యాంకు స్థాపకుల్లో ఒకడు. ఆమె 1903లో ఆర్థర్ ఆక్టన్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన ఇంగ్లిష్-ఇటాలియన్ కుటుంబంవాడు, పాత కళావస్తువుల మీద మంచి కన్నున్నవాడు. న్యూయార్క్ ఆర్కిటెక్టు స్టాన్‌ఫర్డ్ వైట్‌కి అమెరికా కోటీశ్వరుల ఇళ్ళ కోసం ఇటలీలో సరుకు వెతికిపెట్టేవాడు. దంపతులు మొదట ఇల్లు అద్దెకు తీసుకుని, 1907లో కొనేశారు. తోట గురించి రాసేవాళ్ళంతా ఆర్థర్ పేరే చెబుతారు. ఆయన కన్ను గొప్పదే, కాదనను. కానీ కొనుగోలు, కూలీలు, విగ్రహాల రవాణా, అన్నీ ఆమె పుట్టింటి డబ్బుతోనే నడిచాయి. చెక్కు మీద సంతకం పెట్టిన మనిషి పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోవడం ఈ రంగంలో మామూలే.

వాళ్ళు చేసిందేమిటంటే, ఇంటి వెనక వాలు మీదున్న ఇంగ్లిష్ పార్కుని తీసేసి, దిగువకు మెట్టు మెట్టుగా దిగే తోట వేయించారు. సైప్రస్, యూ, బాక్స్ మొక్కల్ని గోడల్లా కత్తిరించి పచ్చటి గదులు చేయించారు. ప్రతి గదికీ ఒక చూపు, ప్రతి చూపు చివరా ఒక విగ్రహం. పచ్చటి హెడ్జ్‌లే తెరలుగా ఒక చిన్న నాటకశాల కూడా ఉంది. దానికి రెండు పక్కలా ఫ్రాన్సెస్కో బొనాజా చెక్కిన పాత్రలు నిలబడి ఉంటాయి. మరోచోట ఒరాజియో మరినాలి చెక్కిన భారీ విగ్రహం. మొత్తం మీద నూట ఎనభైకి పైగా విగ్రహాలు. కొలంబియాకు చెందిన డియేగో సువారెజ్ అనే యువకుడు ఇక్కడే ఆర్థర్ దగ్గర పని నేర్చుకుని, తర్వాత మయామీలో జేమ్స్ డీరింగ్ కట్టించిన విజ్కాయా అనే భవంతికి తోట గీశాడు. అంటే ఫ్లోరెన్సులో పుట్టిన ఊహ ఫ్లోరిడా దాకా వెళ్ళింది.

ఇక్కడే చిక్కు. బొనాజా, మరినాలి ఇద్దరూ వెనిస్ చుట్టుపక్కల ఉన్న వెనెటో ప్రాంతం శిల్పులు, ఫ్లోరెన్సు వాళ్ళు కారు. వాళ్ళు పనిచేసింది 17వ శతాబ్దం చివర్లో, 18వ శతాబ్దంలో. వెనిస్ పెద్దింటివాళ్ళు చితికిపోయాక బ్రెంటా నది పక్కనున్న వాళ్ళ వేసవి ఇళ్ళ నుంచి విగ్రహాలు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి. ఆక్టన్ దంపతులు వాటిని కొని తెచ్చి ఫ్లోరెన్సు కొండ మీద నిలబెట్టారు. అంటే 15వ శతాబ్దపు ఫ్లోరెన్సు బ్యాంకరు ఇంటి వెనక, 18వ శతాబ్దపు వెనిస్ విగ్రహాలతో, 20వ శతాబ్దపు తోట. దీన్ని "తిరిగి తెచ్చారు" అంటే నేను ఒప్పుకోను. ఇంకోటి, ఇక్కడ తోట నిండినకొద్దీ అక్కడ బ్రెంటా పక్కన పీఠాలు ఖాళీ అయ్యాయి. ఈ లెక్క వీడియోల్లో ఎవరూ చెప్పరు. అయితే ఆ విగ్రహాలు అక్కడే ఉంటే అన్నీ బతికి ఉండేవా అంటే, అదీ గట్టిగా చెప్పలేం.

వాళ్ళొక్కళ్ళే ఇలా చేశారనుకోకండి. అప్పట్లో ఫ్లోరెన్సు చుట్టూ కొండల మీద ఇంగ్లిష్, అమెరికన్ డబ్బు బాగా దిగింది. కళా చరిత్రకారుడు బెరెన్సన్ తన ఇ తత్తి ఇంటికి ఆర్కిటెక్టు సెసిల్ పిన్సెంట్ చేత కొత్త తోటనే పాత పద్ధతిలో వేయించాడు. 1931లో ఫ్లోరెన్సు పాత నగర భవనం పలాజో వెక్కియోలో కళా విమర్శకుడు ఊగో ఒయెత్తి పూనికతో ఇటాలియన్ తోటల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. అది ఫాసిస్టు ప్రభుత్వ కాలం, కాబట్టి ఇటాలియన్ తోట అంటే ఇలాగే ఉండాలి, క్రమశిక్షణతో, పచ్చగా, రాతితో, అనే మాటకి రాజకీయ బలం కూడా తోడైంది. ఈరోజు మన బుర్రలో "ఇటాలియన్ గార్డెన్" అనగానే మెదిలే బొమ్మలో సగం ఆ తరం గీసిందే.

మా వృత్తిలో 1964 నాటి వెనిస్ చార్టర్ అనే పత్రం ఉంది. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి అంటుంది అది. ఆ లెక్కన లా పియెత్రా తోట పెద్ద తప్పు. కానీ అదే పత్రం ఇంకో మాట కూడా అంటుంది: ఒక కట్టడంలో ఏ కాలం వాళ్ళు చేర్చిన విలువైన పనినైనా గౌరవించాలి, అంతా ఒకే శైలిలోకి తేవడం లక్ష్యం కాకూడదు. ఆ లెక్కన ఇప్పుడు ఆక్టన్ల తోటని ముట్టుకోకూడదు. రెండూ నిజమే. 1994లో కొడుకు హెరాల్డ్ ఆక్టన్ చనిపోయాక ఎస్టేటు న్యూయార్క్ యూనివర్సిటీకి వచ్చింది. అప్పుడు తోట బాగా పాడై ఉంది. దాన్ని బాగు చేయడానికి దిగినవాళ్ళ ముందున్న మొదటి ప్రశ్న, ఏ ఏడాదికి తీసుకెళ్ళాలి అన్నది. సస్సెత్తి కాలానికా? దానికి ఆధారాలు లేవు. వాళ్ళు కుటుంబం దగ్గరున్న పాత ఫొటోలు ముందు పెట్టుకుని, ఆక్టన్ల నాటి తోటకే తీసుకెళ్ళారు. నా ఉద్దేశంలో అదొక్కటే నిజాయితీగల నిర్ణయం.

డబ్బుంటే పెద్ద పనేం కాదు కదా అన్నారు. డబ్బు లేకపోతే అసలు కాదు, అది ఒప్పుకుంటాను. కానీ డబ్బు ఎక్కువైతే వచ్చే అనర్థాలు నేను ఎక్కువ చూశాను. డబ్బు తక్కువున్న ఇంట్లో పాత గార అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే దాన్ని పీకి కొత్తది వేసే స్తోమత లేదు. డబ్బున్న యజమాని మొదటి ఏడాదే అంతా పీకించేస్తాడు. రెండో తరహా ఇంట్లో నాకు పనే ఉండదు, కాపాడటానికి ఏమీ మిగలదు కాబట్టి.

ఫ్లోరెన్సు ఉన్న టస్కనీ ప్రాంతపు పాత ఇంట్లో అసలు పని ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. పైకప్పుకి చెస్ట్‌నట్ లేదా ఫర్ దూలాలు, వాటి మీద చిన్న వాసాలు, వాసాల మీద సన్నటి కాల్చిన మట్టి బిళ్ళలు, ఆ పైన పెంకులు. కింద నుంచి చూస్తే దూలం నల్లగా, గట్టిగా కనిపిస్తుంది. కానీ దూలం కొస గోడలోకి దూరి ఉంటుంది కదా, రోగం అక్కడ ఉంటుంది. పైన నీటి కాలువ ఒకచోట పగిలితే నీళ్ళు సరిగ్గా గోడ తలలోకి దిగి, ఆ కొసని లోపల్నుంచి తినేస్తాయి. సన్నటి పదునైన ఊచతో పొడిస్తే అది వేళ్ళ దాకా దిగిపోతుంది. బయటికి మాత్రం రంగు కూడా మారదు. కాబట్టి ముందు పైకప్పు, నీటి కాలువలు, చుట్టూ నేల వాలు, వాన నీళ్ళు పోయే దారి. ఇవి అయ్యాకే గోడల మీద చెయ్యి వేయాలి. ఖర్చు చాలావరకు ఇక్కడే అయిపోతుంది, అయినా అతిథులు వచ్చి చూస్తే ఏమీ కనిపించదు. డబ్బున్న యజమానికి ఈ దశలో చిరాకు వస్తుంది. బంగారు పూత, పట్టు తెరలు ఎప్పుడు అని అడుగుతారు.

తర్వాత సిమెంటు. 1950ల నుంచి యూరప్ అంతా సున్నం గోడల మీద సిమెంటు పూసేశారు. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన గోడ నేలలోంచి తేమ పీల్చి బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే తేమకి దారి ఉండదు, పైకి ఎగబాకి సిమెంటు లేని చోట బయటికి వస్తుంది. వచ్చేటప్పుడు ఉప్పుని వెంట తెస్తుంది. ఉప్పు గారలో గడ్డకట్టి దాన్ని లోపల్నుంచి తోస్తుంది. అక్కడ ఫ్రెస్కో ఉంటే రంగు పొరతో సహా రాలుతుంది. ఫ్రెస్కో అనే గోడ చిత్రంలో రంగు గార పైన పూసింది కాదు, తడి సున్నం ఆరేటప్పుడు దానిలో కలిసిపోయింది. గార పోతే బొమ్మ పోయినట్టే. అందుకే సిమెంటు తీసేసి మళ్ళీ సున్నమే వేయాలి. తేమ ఉన్నచోట సున్నంలో ఇటుక పొడి కలుపుతారు. మన దగ్గర పాత మేడలకి డంగు సున్నంలో కలిపినదీ అదే, రోమన్లు నీటి తొట్లకి వాడినదీ అదే. హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ బాగు చేయించినప్పుడు సున్నం పని తెలిసిన మేస్త్రీల విలువ మళ్ళీ జనానికి తెలిసింది. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది.

కాంక్రీటుదీ ఇదే కథ. గోడల తల మీద కాంక్రీటు పట్టీ వేసి, బరువైన కాంక్రీటు కప్పు పెడితే భూకంపానికి ఇల్లు గట్టిపడుతుందని చాలాకాలం నమ్మారు. 1997లో మధ్య ఇటలీలోని ఉంబ్రియా, మార్కె ప్రాంతాల్లో భూకంపం వచ్చినప్పుడు, బలహీనమైన రాతిగోడల మీద అలా పెట్టిన బరువు గోడల్నే పగలగొట్టింది. ఆ తర్వాతే ఇంజనీర్లు మళ్ళీ చెక్క కప్పుల వైపు, ఇనుప కట్టు కడ్డీల వైపు చూడటం మొదలుపెట్టారు.

విగ్రహాల గురించి కూడా చెప్పాలి, లా పియెత్రా ప్రాణం అక్కడే ఉంది కాబట్టి. వెనెటో శిల్పులు ఎక్కువగా వాడింది విచెంజా దగ్గర దొరికే మెత్తటి సున్నపురాయి. తవ్వినప్పుడు ఉలికి బాగా లొంగుతుంది, అందుకే జుట్టు ముడి దగ్గర, గుడ్డ మడత దగ్గర అంత సన్నటి పని సాధ్యమైంది. కానీ అదే రాయి నీళ్ళు తాగుతుంది, చలికాలం రాత్రి ఆ నీళ్ళు గడ్డకట్టి పెచ్చులు లేపుతాయి. అంతకన్నా ప్రమాదం లోపలి ఇనుము. విరిగిన చెయ్యిని, బుట్టలోని పండుని పాతరోజుల్లో ఇనుప సీలతో అతికించేవాళ్ళు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. మణికట్టు చుట్టూ మొదట వెంట్రుక మందం గీత కనిపిస్తుంది, దాని అంచున కొద్దిగా గోధుమ రంగు మరక. అప్పుడే పట్టుకుంటే సీల తీసి స్టెయిన్‌లెస్ స్టీలుదో, టైటానియందో పెట్టొచ్చు. రెండు చలికాలాలు వదిలేస్తే చెయ్యి కింద గడ్డిలో దొరుకుతుంది. నూట ఎనభై విగ్రహాలంటే, ఒక కొస నుంచి మొదలుపెట్టి చివరికి వచ్చేసరికి మొదటిది మళ్ళీ చూడాల్సిన టైం వస్తుంది.

మొక్కల సంగతి ఇంకో తలనొప్పి. 20వ శతాబ్దంలో టస్కనీ సైప్రస్‌లకి ఒక శిలీంధ్రం వల్ల కొమ్మలు ఎండిపోయే క్యాంకర్ తెగులు పట్టి చాలా చెట్లు పోయాయి. ఫ్లోరెన్సులోని పరిశోధకులు దాన్ని తట్టుకునే రకాలు తయారు చేశారు. కానీ కొత్త చెట్టు పాత చెట్టంత ఎత్తుకి రావడానికి ఒక మనిషి ఉద్యోగ జీవితమంత కాలం పడుతుంది. ఈలోపు ఆ వరుసలో పన్ను ఊడిన సందులాగే ఉంటుంది. దీనికి ఏ వారసురాలి చెక్కూ పనిచేయదు.

ఇంటి లోపల హోర్టెన్స్ వదిలివెళ్ళినవాటిలో నాకు బాగా నచ్చినవి ఆమె గౌన్లు. పారిస్‌లో అప్పట్లో పేరున్న కల్లో సోదరీమణుల దుకాణంలో కుట్టించుకున్నవి, ఆమె పోయాక ఎంతో కాలం ట్రంకుల్లో పడి ఉన్నాయి. ఆ రోజుల్లో పట్టు బరువుగా, నిండుగా పడాలని తగరపు లవణాలు పట్టించడం మామూలు. అలాంటి పట్టు కాలం గడిచేకొద్దీ దానంతట అదే మడతల వెంబడి చీలిపోతుంది, ఎవరూ ముట్టుకోకపోయినా సరే. పైన కుట్టిన పూసల బరువు దానికి తోడు. అలాంటివాటిని హ్యాంగరుకి వేలాడదీయకూడదు, పడుకోబెట్టి ఉంచాలి. వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాటకూడదు. లా పియెత్రాలో వస్తువులు ఐదు వేలకు పైనే ఉన్నాయి. చిత్రాలు, శిల్పాలు, తివాచీలు, కుర్చీలు, ఒక్కోదానికి ఒక్కో రకం రోగం. ఇల్లు బాగు చేయడం అంటే గోడలు బాగు చేయడమే అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

హోర్టెన్స్ ఇదంతా ప్రశాంతంగా అనుభవించిందని కూడా అనుకోవద్దు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగాక వాళ్ళు శత్రుదేశాల పౌరులయ్యారు. ఇల్లు చేజారింది, దంపతులు స్విట్జర్లాండ్ చేరుకున్నారు. చిన్న కొడుకు విలియం 1945లో పోయాడు. ఆర్థర్ 1953లో, ఆమె 1962లో పోయారు. హెరాల్డ్‌కి పిల్లలు లేరు. ఎస్టేటు యూనివర్సిటీకి వెళ్ళాక, ఆర్థర్‌కి వివాహేతర సంతానం ఉందంటూ వాటా కోసం మరో కుటుంబం ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడింది. ఇటలీ చట్టంలో పిల్లల వాటాను వీలునామాతో పూర్తిగా తీసేయలేరు, కాబట్టి ఇలాంటి కేసులకి అక్కడ బలం ఉంటుంది.

ఇలాంటి ఇళ్ళ కథలన్నీ దాదాపు ఒకేచోట తేలతాయి. కోమో సరస్సు మీద బెల్లాజియోలోని విల్లా సెర్బెల్లోనిని హైరమ్ వాకర్ విస్కీ కుటుంబపు ఎల్లా వాకర్ కొంది, 1959లో అది రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కి వెళ్ళింది. ఇంగ్లండ్‌లో లీడ్స్ కాజిల్‌ని 1926లో కొని లోపలంతా మార్పించిన లేడీ బెయిలీ, 1974లో పోతూ దాన్ని ఒక ఫౌండేషన్‌కి వదిలింది. భిన్నంగా నడిచినది ఒకటుంది: వెనెటోలో మాసెర్ దగ్గర 16వ శతాబ్దపు ఆర్కిటెక్టు పల్లాడియో కట్టిన, చిత్రకారుడు వెరొనెజె ఫ్రెస్కోలున్న విల్లా బార్బరో. మాజీ ఆర్థికమంత్రి, కరెంటు కంపెనీ అధిపతి జుసెప్పె వోల్పి 1934లో దాన్ని కొన్నాడు. కూతురు మరీనా దాన్ని బాగు చేయించి అక్కడే కాపురం ఉంది. అది కుటుంబం చేతిలోనే ఉంటూ, సందర్శకులకి టికెట్టు ఇచ్చి, పక్కన ద్రాక్షసారా అమ్మి బతుకుతోంది. లోపలికి వెళ్ళాలంటే చెప్పుల మీద మెత్తటి బట్ట జోళ్ళు తొడుక్కుని జారుతూ నడవాలి. నేల అరగకుండా ఉండటమే కాదు, పాలిష్ కూడా అయిపోతుంది. తెలివైనవాళ్ళు.

ఇక మీ రెండో ప్రశ్న. లేదు, ఆక్టన్లకున్న స్వేచ్ఛ ఇప్పుడెవరికీ లేదు. 1939 చట్టం, దాని తర్వాత 2004లో వచ్చిన వారసత్వ సంపద కోడ్ ప్రకారం, రక్షిత జాబితాలో ఉన్న ఇంట్లో ఏ పని చేయాలన్నా సోప్రింతెందెంజా అనే ప్రభుత్వ కార్యాలయం ముందుగా అనుమతి ఇవ్వాలి. కిటికీ చట్రం మార్చాలన్నా సరే. ఆక్టన్లు వేసినట్టు తోట మొత్తం తుడిచేసి కొత్తది వేస్తామంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. అమ్మకం జరిగితే ఆ సంగతి 30 రోజుల్లో తెలియజేయాలి. తెలియజేశాక 60 రోజుల్లోపు ప్రభుత్వం అదే ధరకి తానే కొనుక్కోవచ్చు. ఆ గడువు దాటేదాకా డబ్బు కట్టినా ఇల్లు పూర్తిగా మీది కాదు. అలాగని అంతా అడ్డంకులే కాదు, రక్షిత ఇంటి నిర్వహణ ఖర్చులో 19 శాతం దాకా ఆదాయపు పన్నులో తగ్గింపు దొరుకుతుంది. షరతులు ఉంటాయి, అక్కడి లెక్కల మనిషిని పెట్టుకోవాల్సిందే.

నిజంగా కొనే ఉద్దేశం ఉన్నవాళ్ళు నన్ను అడిగితే, మే నెలలో వెళ్ళి ఇల్లు చూడొద్దంటాను. మేలో ఇటలీలో ప్రతి పాడుబడ్డ ఇల్లూ అందంగానే ఉంటుంది. నవంబరులో, రెండు రోజులు వాన పడ్డాక వెళ్ళండి. నేలమాళిగ వాసన చూడండి, అటక మీదికెక్కి దూలాల కొసలు పొడిచి చూడండి. గత ముప్పై నలభై ఏళ్ళలో ఎక్కడెక్కడ సిమెంటు వేశారో రాతపూర్వకంగా అడగండి. వారసుల కాగితాలు మూడు తరాల వెనక్కి చూసే వకీలుని పెట్టుకోండి. తోటలో విగ్రహాలుంటే ఒక్కోదానికి ఫొటో తీయించి, జాబితాగా ఒప్పందానికి జత చేయించండి. అమ్మేవాళ్ళు వెళ్ళిపోతూ రెండు విగ్రహాలు పట్టుకుపోతే, అవి ఏమయ్యాయని సోప్రింతెందెంజా వాళ్ళు అడిగేది కొన్న మిమ్మల్నే.